గేమ్‌ప్యాడ్ డబ్బా మీద దూరం కాదు, స్టిక్ సంగతి రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్లో సెలవులకి పిల్లలకి కొనిపెట్టే గేమింగ్ సామాన్లంటూ ఒక పేజీ వేశారు, అందులో కంప్యూటర్‌కి పెట్టుకునే వైర్‌లెస్ గేమ్‌ప్యాడ్‌ల (రెండు చేతుల్తో పట్టుకుని గేమ్ ఆడే కంట్రోలర్‌ల) గురించి చెప్పింది రెండే ముక్కలు, ఎన్ని మీటర్ల దూరం నుంచి పనిచేస్తుంది, ఎన్ని గంటలు ఛార్జింగ్ ఆగుతుంది అని. ఆ రెండూ డబ్బా మీదే పెద్దక్షరాల్లో ఉంటాయి కదండీ, దానికి పేపర్ ఎందుకు. నేను బెజవాడలో కంప్యూటర్లు రిపేర్ చేస్తుంటా, గేమ్‌ప్యాడ్‌లూ విప్పుతా, దూరం చాలట్లేదని నా దగ్గరికి తెచ్చినవాడు ఇంతవరకు లేడు. వాళ్లు తెచ్చే కంప్లైంట్లు వేరే, అవి కొనేముందు ఎవరూ చెప్పరు.

వైర్‌లెస్ వద్దనట్లేదు నేను, అది ముందే చెప్తున్నా. వైర్ ఉన్నవాటికి కేబుల్ సరిగ్గా మెడ దగ్గర తెగుతుంది, లేదా ఎవడో ఒకడు నడుస్తూ వైర్‌కి కాలు తగిలించి ల్యాప్‌టాప్‌ని కింద పడేస్తాడు, అప్పుడు వెయ్యి రూపాయల గేమ్‌ప్యాడ్ బాగానే ఉంటుంది, ల్యాప్‌టాప్ హింజ్ మాత్రం నా టేబుల్ మీదకొస్తుంది. ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించి సోఫాలో కూర్చుని ఆడాలంటే వైర్‌లెస్సే సుఖం. కార్ల గేముల్లో ఐతే కీబోర్డ్‌తో అసలు పనవ్వదు, డబ్ల్యూ నొక్కితే ఫుల్ యాక్సిలరేటర్, వదిలితే సున్నా, గేమ్‌ప్యాడ్ ట్రిగ్గర్ ఐతే వేలు ఎంత నొక్కితే అంతే. సంక్రాంతికి బావలూ బామ్మర్దులూ దిగినప్పుడు ఫుట్‌బాల్ గేమ్ ఆడటానికి నాలుగు వైర్లు హాల్లో పరిస్తే వంటింట్లోకి దారి ఉండదు.

ఇక లేట్ అనే మాట. "అన్నా, ఇది లేట్‌గా కొడుతోంది" అని కుర్రాళ్లు తెస్తారు. సెకనుకి 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు చూపించే గేమ్‌లో ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు, డాంగిల్‌తో (సిగ్నల్ అందుకోడానికి యూఎస్‌బీలో గుచ్చే బుల్లి ముక్కతో) వచ్చే మంచి గేమ్‌ప్యాడ్ ఐతే మనం ఏం నొక్కామో సెకనుకి 125 సార్లు రిపోర్ట్ పంపినా రెండు రిపోర్ట్‌ల మధ్య గ్యాప్ 8 మిల్లీసెకన్లే, అది మామూలుగా ఆడేవాడికి తెలీదు. చాలాసార్లు లేట్ అయ్యేది టీవీ దగ్గర, బొమ్మని అందంగా చేయడానికి టీవీ తన పని తను చేసుకుని అప్పుడు చూపిస్తుంది. సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టమని పంపిస్తా, మళ్లీ రారు, నాకు రూపాయి రాదు.

నిజంగా సిగ్నల్ తెగేది వేరే చోట. బ్లూటూత్, డాంగిల్ గేమ్‌ప్యాడ్‌లు, వైఫై, వైర్‌లెస్ మౌస్, దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే తిరుగుతాయి, మన దేశంలో ఆ బ్యాండ్‌ని 2005లో లైసెన్స్ అక్కర్లేకుండా వదిలేశారు కాబట్టి ఎవరైనా వాడచ్చు, అపార్ట్‌మెంట్‌లో పక్క నాలుగు ఫ్లాట్ల రౌటర్లు కూడా అక్కడే ఉంటాయి. దానికి తోడు జనం ఆ బుల్లి డాంగిల్‌ని తీసుకెళ్లి సీపీయూ వెనకాల నీలం రంగు యూఎస్‌బీ పోర్ట్‌లో గుచ్చుతారు. ఆ నీలం పోర్ట్ యూఎస్‌బీ 3, డేటా జోరుగా వెళ్తున్నప్పుడు అది 2.4 దగ్గరే రొద పుట్టిస్తుంది, ఈ సంగతి ఇంటెల్ వాళ్లే 2012లో పేపర్ రాసి చెప్పారు. పైగా ఇనప క్యాబినెట్ అడ్డం, టేబుల్ కింద మన కాళ్లు అడ్డం, ఒంట్లో నీళ్లు కూడా ఆ సిగ్నల్‌ని మింగుతాయి. వంద రూపాయల ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి డాంగిల్‌ని టేబుల్ మీదకి తెచ్చి, నల్ల రంగు పాత యూఎస్‌బీ 2 పోర్ట్‌కి మారిస్తే చాలావరకు పోతుంది. ఈ ఒక్క లైన్ డబ్బాలో కాగితం మీద వేస్తే ఎంతమంది రిటర్న్ పెట్టకుండా ఉంటారో.

ఇంకొకటి, కనెక్ట్ అవుతుంది, లైటు వెలుగుతుంది, విండోస్‌లో కనిపిస్తుంది, గేమ్‌లో మాత్రం కదలదు. గేమ్‌ప్యాడ్ కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతులు ముఖ్యంగా రెండు, పాతది డైరెక్ట్ ఇన్‌పుట్, 2005లో మైక్రోసాఫ్ట్ వాళ్ల గేమ్ మెషీన్ ఎక్స్‌బాక్స్ 360తో పాటు వచ్చింది ఎక్స్ ఇన్‌పుట్. ఇప్పటి గేములు ఎక్కువగా రెండోదాన్నే చూస్తాయి. కొన్నిటికి వెనకాల చిన్న స్విచ్ ఉంటుంది, కొన్నిటికి హోమ్ బటన్ పట్టుకుని కాసేపు నొక్కాలి, కొన్నిటికి ఏం చెయ్యాలో చైనా అక్షరాల్లో రాసుంటుంది. స్టీమ్‌లో (కంప్యూటర్ గేములు అమ్మే యాప్‌లో) ఆడేవాళ్లకి స్టీమే సర్దుతుంది, బయట కొన్న గేమ్‌కి ఆ సుఖం ఉండదు. ప్లేస్టేషన్‌ది పెట్టుకుంటే స్క్రీన్ మీద ఇంగ్లీషు "A" నొక్కు అంటుంది, చేతిలో "A" అనే బటనే ఉండదు, అలవాటైతే పర్లేదు గానీ పదేళ్ల పిల్లాడు ఏడుస్తాడు. ఇంకా ప్లేస్టేషన్ 5 కంట్రోలర్ డ్యుయల్‌సెన్స్‌లో ట్రిగ్గర్ బిగుసుకోవడం, వేళ్లకి సన్నగా తెలిసే వైబ్రేషన్, వీటికోసమే అంత డబ్బు పెడతారు, కంప్యూటర్‌లో చాలా గేముల్లో అవి కేబుల్ పెడితేనే వస్తాయి. వైర్‌లెస్ అని కొని వైర్ పెట్టుకోవడం అన్నమాట.

ఇప్పుడు అసలు గొడవ, బొటనవేలితో అటూ ఇటూ తిప్పే స్టిక్. చెయ్యి వెయ్యకపోయినా గేమ్‌లో మనిషి ఎడమకి నడుచుకుంటూ పోయి గోడకి గుద్దుకుంటూ ఉంటాడు, దీన్నే డ్రిఫ్ట్ అంటారు. స్టిక్ కింద రెండు చిన్న పొటెన్షియోమీటర్లు ఉంటాయి, ఒకటి అడ్డానికి, ఒకటి నిలువుకి, లోపల నల్ల కార్బన్ పూత మీద సన్న లోహపు ముక్క రాసుకుంటూ తిరుగుతుంది. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే గరగరమనేది చూశారా, అదే సామాను, అదే జబ్బు. పూత అరుగుతుంది, ఆ పొడి లోపలే ఉండిపోతుంది, మన దుమ్మూ చేతి చెమటా తోడవుతాయి. శుభ్రం చేసే స్ప్రే కొడితే కొన్నాళ్లు ఆగుతుంది. గేమ్‌లో డెడ్‌జోన్ (స్టిక్ ఎంత కదిలే వరకు గేమ్ పట్టించుకోకూడదో ఆ మేర) పెంచితే జబ్బు కనపడదు, కానీ ఆ మేరకు స్టిక్‌ని కొంచెం కదిపితే గేమ్‌కి అసలు తెలీదు, గురి పెట్టే గేముల్లో అదే ప్రాణం. పూర్తిగా మార్చాలంటే ఒక్క స్టిక్‌కి 14 చోట్ల టంకం కరిగించి, బోర్డు మీద గీతలు లేవకుండా జాగ్రత్తగా ఊడదియ్యాలి, నేను చేస్తా, కానీ నా కూలి చెప్పగానే కొత్తది కొనుక్కుంటాం సార్ అంటారు, నేనూ కాదనను.

దీనికి మందు లేదా అంటే ఉంది, కొత్తదీ కాదు. స్టిక్ కింద అయస్కాంతం పెట్టి, దాన్ని తగలకుండానే కొలిచే హాల్ సెన్సర్లు. సెగా వాళ్లు 1998లో జపాన్‌లో వదిలిన డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే పెట్టారు. రాపిడి లేదు కాబట్టి ఆ అరుగుదలా లేదు, అప్పుడప్పుడు క్యాలిబ్రేషన్ అడుగుతుంది అంతే. ఇప్పుడు తక్కువ రేటు వైర్‌లెస్ వాటిలో కూడా ఇవి వస్తున్నాయి, ఐదారు వేలు పోసి కొనే మామూలు ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో మాత్రం ఇంకా ఆ కార్బన్ పూతే, డ్యుయల్‌సెన్స్‌లోనూ అంతే. సోనీ 2023లో డ్యుయల్‌సెన్స్ ఎడ్జ్ అని స్టిక్ ముక్కని ఊడదీసి మార్చుకునేది తెచ్చింది, దాని రేటు చూస్తే మామూలువి రెండు కొనుక్కోవచ్చనిపిస్తుంది. పెద్ద పేరున్నది కొంటే ఎక్కువకాలం వస్తుందిలే అనుకునే నాన్నలకి ఈ మాట ఎవరు చెప్తారండీ, షాపువాడు చెప్పడు కదా.

బ్యాటరీ కూడా ఇంతే. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో ఇప్పటికీ రెండు పెన్సిల్ సెల్స్ వెయ్యాలి, ఇంత రేటు పెట్టి సెల్స్ ఏంటి అని తిడతారు, నాకు మాత్రం దాని డిజైన్‌లో నచ్చింది అదే. ఛార్జ్ అయ్యే సెల్స్ నాలుగు కొంటే రెండు వాడుతూ రెండు ఛార్జింగ్‌లో పెట్టుకోవచ్చు, చచ్చిపోతే సెల్సే పారేస్తాం, కంట్రోలర్ కాదు. లోపల లిథియం పెట్టి మూసేసినవి ఐతే బ్యాటరీ దిగిపోయినరోజు, లేదా ఉబ్బినరోజు, మొత్తం విప్పాలి, విప్పితే సరిపోయే బ్యాటరీ దొరకదు, దొరికినా పిన్ వేరే ఉంటుంది. చివరికి కేబుల్ పెట్టుకుని ఆడుకోండి అని ఇచ్చి పంపడమే.

2023 జూన్‌లో సముద్రం అడుగున టైటానిక్ శిథిలాలు చూడ్డానికెళ్లి నాశనమైపోయిన టైటాన్ అనే చిన్న జలాంతర్గామిని లాజిటెక్ వైర్‌లెస్ గేమ్‌ప్యాడ్‌తో నడిపేవాళ్లని తెలిసి అప్పట్లో అందరూ ఎగతాళి చేశారు. నీటి ఒత్తిడికి నలిగిపోయింది దాని కార్బన్ ఫైబర్ బాడీ, తప్పు పాపం ఆ గేమ్‌ప్యాడ్‌ది కాదు.

అందుకే నేను అడిగేది చిన్నదే. ఇంకోసారి ఈ పేజీ వేసేటప్పుడు దూరం గడి తీసేసి ఆ చోట్లో స్టిక్ ఏ రకం, బ్యాటరీ మనం మార్చుకోగలమా, విండోస్‌లో ఎక్స్ ఇన్‌పుట్‌లో నడుస్తుందా అని మూడు గడులు పెట్టండి. డబ్బా మీద లేకపోతే కంపెనీకి ఫోన్ చేసి అడగండి. నేను ఒక కంపెనీ కస్టమర్ కేర్‌కి చేసి స్టిక్ లోపల ఏముంది అంటే ఒకసారి సిస్టమ్ రీస్టార్ట్ చేయండి సార్ అన్నారు, మీ పేపర్ పేరు చెప్పి అడిగితే చెప్తారేమో.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ