చెప్పుల డబ్బాలో పోలండ్ అడవి

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల అయిదో తరగతి పిల్లలు పోలండ్ అడవి జంతువుల గురించి నేర్చుకుంటున్నారు. ఒక్కొక్కరూ చెప్పుల డబ్బాలో ఒక అడవి చేసి తేవాలి. మీ సాయం అడుగుతారు కాబట్టి ఈ ఉత్తరం.

ముందు చోటు, తర్వాతే జంతువు. డబ్బా అంతా పచ్చరంగు పూసి మధ్యలో బొమ్మ నిలబెడితే అడవి అయిపోదు. పోలండ్ తూర్పు సరిహద్దున ఉన్న బియావోవియెజా అడవిలో, గట్టి రక్షణ ఉన్న భాగంలో, కూలిన చెట్టును ఎవరూ తీయరు. ఆ పుచ్చిన మానులో పురుగులు చేరతాయి, వాటిని తినడానికి మూడువేళ్ల వడ్రంగిపిట్ట వస్తుంది. అందుకని డబ్బాలో ఎండు పుల్లలు, రాలిన ఆకులు పడి ఉండాల్సిందే. దయచేసి శుభ్రం చేయించకండి.

కొలత: 20 సెంటీమీటర్లకు 1 సెంటీమీటరు. భుజం దగ్గర 180 సెం.మీ. ఎత్తుండే మగ బైసన్ (యూరప్ అడవుల్లోని ఎద్దులాంటి పెద్ద జంతువు) 9 సెం.మీ. అవుతుంది, తోడేలు 4. అక్కడి ఓక్ చెట్లు 40 మీటర్ల దాకా పెరుగుతాయి. అంటే మన లెక్కలో 2 మీటర్లు! కాబట్టి డబ్బాను పక్కకు పడుకోబెట్టి, పైకప్పును తాకేలా మానులు మాత్రమే పెట్టించండి. పాత క్యాలెండరు కాగితం 7 సెం.మీ. మందాన చుడితే సరిపోతుంది. పిల్లలు సాధారణంగా మామిడిచెట్టులా గుండ్రటి కొమ్మలు వేస్తారు. దాంతో చెట్టు జంతువంతే అయిపోతుంది.

బైసన్‌ని ముద్ద మట్టితో చేస్తే పైన ఆరి లోపల తడి ఉండిపోయి పగుళ్లిస్తుంది. వార్తాపత్రికను ఉండ చుట్టి దారం కట్టి, దానిపై అర సెంటీమీటరు మందాన బంకమట్టి పూయాలి. కాళ్లలో ఐస్‌క్రీం పుల్లలు గుచ్చాలి, లేకపోతే బరువుకు విరుగుతాయి. నీడలో రెండు రోజులు ఆరనివ్వండి.

పేరు దగ్గర జాగ్రత్త. మన పాపికొండల అడవి దున్నను ఇంగ్లీషు పుస్తకాల్లో ఇండియన్ బైసన్ అంటారు. పిల్లలు దాని బొమ్మే అంటించేస్తారు. దున్నకు పొట్టి వెంట్రుకలు, తెల్ల మేజోళ్లు తొడిగినట్టుండే కాళ్లు. యూరప్ బైసన్‌కు జూలు, గడ్డం ఉంటాయి.

ఈ జంతువు కథను ఇంట్లో తప్పక చెప్పండి. బియావోవియెజాలో చివరి అడవి బైసన్‌ను 1919లో చంపేశారు. జంతుప్రదర్శనశాలల్లో మిగిలినవాటిలో 12 జంతువుల సంతానమే నేడున్న బైసన్‌లన్నీ. 1929లో మళ్లీ అక్కడికి తెచ్చి ఆవరణలో పెంచారు, 1952లో అడవిలోకి వదిలారు.

అడవి వద్దనుకునేవారు పోలండ్‌లోనే ఉన్న బియెబ్జా చిత్తడి నేల చేయవచ్చు. అక్కడ పొడవు కాళ్ల మూస్ దుప్పి ఉంటుంది. నీటికి నిజం నీళ్లు పోయకండి, అట్ట నానిపోతుంది. నీలి కాగితంపై పారదర్శక ప్లాస్టిక్ పరిస్తే చాలు.

డబ్బా వెనుక జంతువు పేరు, అది తినే మూడు పదార్థాలు పిల్లల చేతిరాతతోనే ఉండాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు