పునీతుల జీవిత గ్రంథాలయానికి మీ చేయూత కోరుతూ

క్రీస్తునాథునియందు ప్రియమైన విచారణ (పారిష్) సోదరీసోదరులందరికీ గ్రంథాలయ కమిటీ వందనాలు.

దేవాలయాన్ని ఆనుకొని ఉన్న చిన్న గదిని పునీతుల (సెయింట్ల) జీవిత గ్రంథాలయంగా తీర్చిదిద్దాలని విచారణ గురువుల ఆశీర్వాదంతో సంకల్పించాం. బీరువాలు కావాలి, కూర్చొని చదువుకోవటానికి బల్లలు కావాలి, మంచి వెలుతురు కావాలి, అన్నిటికన్నా ముఖ్యంగా పుస్తకాలు కావాలి. అందుకోసం మీ విరాళాలు అర్థిస్తున్నాం. గంట కోసమో, పీఠం మరమ్మతుల కోసమో అయితే ఎందుకని ఎవరూ అడగరు. పుస్తకాలకు ఎందుకు అని అడిగేవారు ఉంటారు. అడగాలి కూడా. మా జవాబు కాస్త పొడవు, ఓపికగా చదవమని మనవి.

ఈజిప్టులో అంతోని అనే యువకుడు ఒకనాడు గుడిలో సువిశేషం విన్నాడు. నీకున్నదంతా అమ్మి పేదలకిచ్చి నన్ను అనుసరించమని ప్రభువు ధనికుడితో అన్న మాట తనతోనే అన్నట్టు తోచింది. ఉన్నది పంచిపెట్టి ఎడారికి వెళ్ళిపోయాడు. 356లో ఆయన కన్నుమూశాక అలెగ్జాండ్రియా పీఠాధిపతి (బిషప్) పునీత అథనాసివారు ఆ జీవితాన్ని గ్రంథంగా రాశారు. ఆ పుస్తకం చేతులు మారుతూ సముద్రం దాటింది. 386లో మిలాను నగరంలో, అప్పటికింకా జ్ఞానస్నానం (బాప్టిజం) పొందని పండితుడు అగస్టీను దగ్గరికి వచ్చిన ఒక స్నేహితుడు మాటల మధ్యలో ఈ అంతోని కథ చెప్పాడు. రాజు కొలువులో ఉన్న ఇద్దరు ఉద్యోగులు అది చదివి, ఉన్నపళంగా కొలువు వదిలేసి దేవుని వెంట వెళ్ళారని కూడా చెప్పాడు. అగస్టీను తట్టుకోలేకపోయాడు. చదువురానివాళ్ళు లేచి పరలోకాన్ని పట్టుకుంటుంటే, ఇంత చదువుకొని మనం బురదలో పొర్లుతున్నామేమిటని మిత్రుడి ముందు వాపోయాడు. తోటలోకి వెళ్ళి ఏడ్చాడు. ‘తీసి చదువు’ అని ఒక పసిగొంతు వినిపించింది. పౌలు లేఖ తెరిచాడు. మరుసటి ఏడు పాస్కా (ఈస్టర్) జాగరణలో అంబ్రోసు పీఠాధిపతుల చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందాడు.

అప్పటికి ఆయనకు ముప్పై రెండేళ్ళు. తల్లి మోనికమ్మగారు ఎన్ని ఏళ్ళ నుంచి ఏడుస్తున్నారో! ఒక పీఠాధిపతి ఆమెను ఓదారుస్తూ, ఇన్ని కన్నీళ్ళ బిడ్డ నశించిపోవటం జరగదు అన్నారు. తల్లి అన్నేళ్ళు ఎదురుచూసిందని మనం చెప్పుకుంటాం. తల్లి గుండెలో ఆ ఓపిక పెట్టినవాడు అంతకు ముందునుంచే ఎదురుచూస్తున్నాడని అంతగా చెప్పుకోం.

కథ అక్కడితో ఆగలేదు. అగస్టీనువారు తన జీవితాన్ని దేవునితో చెప్పుకుంటూ రాసిన గ్రంథం 1554లో స్పెయిన్ దేశంలో అవిలాపురి తెరేసమ్మగారి చేతికి వచ్చింది. మఠంలో చేరి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. ప్రార్థన మీద మనసు నిలవక, లోకం మీద మమకారం వదలక ఆమె నలిగిపోతున్న రోజులవి. ఆ తోట ఘట్టం చదువుతుంటే ఆ పిలుపు తనకే వినిపించినట్టు అనిపించిందని ఆమే రాసుకున్నారు. తరువాత ఎనిమిదేళ్ళకు, 1562లో, అవిలాలోనే పునీత జోజప్పగారి పేరిట కొత్త మఠం స్థాపించారు. ఆమె ఆత్మకథ 1921 వేసవిలో జర్మనీలో స్నేహితుల ఇంట ఉన్న ఎడిత్ స్టెయిన్ చేతికి తగిలింది. యూదు కుటుంబంలో పుట్టి, చిన్ననాటి విశ్వాసం పోగొట్టుకున్న తత్వశాస్త్ర పండితురాలు ఆమె. రాత్రంతా మేలుకొని చదివారు. 1922 జనవరి 1న జ్ఞానస్నానం. 1933లో తెరేసమ్మగారి సభకే చెందిన కార్మెల్ మఠంలో ప్రవేశం. 1942 ఆగస్టు 9న ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో మరణం. 1998లో శ్రీసభ (కతోలిక సంఘం) ఆమెను పునీతురాలిగా ప్రకటించింది.

ఎడారి అంతోనివారి నుంచి ఆష్విట్జ్ దాకా సుమారు పదహారు వందల ఏళ్ళు. ఒకరి జీవితం మరొకరికి అందింది కాబట్టే ఈ వరుస తెగలేదు. దేవుడు తన ఓపికను పనిలో పెట్టే తీరు ఇదీ అని మేము నమ్ముతున్నాం. ఫలించని అంజూరపు చెట్టును నరికేయమన్న యజమానిని ఈ ఒక్క ఏడూ ఉండనివ్వమని తోటమాలి వేడుకున్నాడని లూకా సువిశేషం 13వ అధ్యాయం చెబుతుంది. ఆ తోటమాలి ఊరికే గడువు అడగలేదు, పాదు తవ్వి ఎరువు వేస్తానన్నాడు. ఎదురుచూడటమంటే చేతులు కట్టుకొని కూర్చోవటం కాదు.

ఏ పుస్తకాలు పెడతామన్నది కూడా ముందే చెప్పటం న్యాయం. పుట్టినప్పటి నుంచీ మహిమలు తప్ప మరొకటి లేనట్టు రాసిన పునీతుల కథలు చాలా ఉన్నాయి. అవి చదివిన పిల్లవాడు పుస్తకం మూసి, ఇది నావల్ల అయ్యేది కాదు అనుకుంటాడు. తడబడిన ఏళ్ళను దాచకుండా చెప్పే పుస్తకాలకే మేము పెద్దపీట వేస్తాం. చైనాకు చెందిన పునీత మార్కు జి టియాన్‌షియాంగ్‌గారినే చూడండి. పేదలకు ఉచితంగా వైద్యం చేసిన మనిషి. కడుపు జబ్బుకు నల్లమందు వాడి దానికి బానిసయ్యారు. గురువు ముందు పాపాలు ఒప్పుకొనే పాపసంకీర్తనంలో ఎన్నిసార్లు అదే పాపం చెప్పుకున్నా మానలేకపోయేసరికి, నిజంగా పశ్చాత్తాపం లేదని గురువు పాపవిమోచనం నిరాకరించారు. వ్యసనం ఒక జబ్బు అని ఆ రోజుల్లో తెలియదు. సుమారు ముప్పై ఏళ్ళు, పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం లేకుండానే ఆయన విశ్వాసాన్ని పట్టుకొని ఉన్నారు. నల్లమందు మాత్రం మానలేదు, మానలేకపోయారు. 1900 జూలై 7న, విదేశీయుల మీదా క్రైస్తవుల మీదా చెలరేగిన బాక్సర్ల తిరుగుబాటులో కుటుంబంతో సహా ఆయన్ను చంపటానికి తీసుకెళ్ళినప్పుడు, తనవాళ్ళెవరూ ఒంటరిగా చనిపోకూడదు, నన్ను చివర చంపండి అని అడిగారు. మరియమాత స్తుతి ప్రార్థన పాడుతూ, విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షిగా మరణించారు. 2000 అక్టోబరు 1న రెండవ జాన్ పాల్ పాపుగారు ఆయన్ను పునీతుల జాబితాలో చేర్చారు.

వ్యసనంతో పోరాడుతున్న కొడుకో భర్తో ఉన్న ఇల్లు ఏ విచారణలో లేదు? ఆ ఇంటివారికి ఈ కథ చెప్పేవారు కావాలి. ప్రసంగంలో చెప్పటానికి గురువులకు ఉండేది కొద్ది నిమిషాలే. ఒంటరిగా కూర్చొని, ఎవరి కంటా పడకుండా చదువుకొనే చోటు ఉంటే గుడి లోపలికి రావటానికి జంకేవాళ్ళు కూడా ఆ గదికి రావచ్చు. ‘ఎవరూ నశించకూడదని, అందరూ మారుమనసు పొందాలని ప్రభువు మీపట్ల ఓపిక పడుతున్నాడు’ అని పేతురుగారి రెండవ లేఖ 3వ అధ్యాయం చెప్పే మాటకు ఇంతకన్నా దగ్గరి సాక్ష్యాలు మాకు తెలియవు.

1521లో పాంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన ఇన్యాసివారు లొయోలాలో మంచాన పడి, వీరుల కథలు తెచ్చిపెట్టమన్నారు. ఇంట్లో అవి లేవు. క్రీస్తు జీవితం, పునీతుల జీవితాలు ఉన్నాయి. అవే ఇచ్చారు. తరువాత ఆయన స్థాపించిన యేసుసభ (జెస్యూట్ గురువుల సభ) పుట్టుక ఆ మంచం దగ్గర మొదలైంది. ఆ పుస్తకాలు ఆ ఇంట్లో ఉంచినవారికి అవి ఎవరి చేతిలో పడతాయో తెలియదు. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నదీ అలాంటి పనే.

ఇక డబ్బు విషయం. శ్రీసభ చట్టసంహిత 1267వ చట్టం మూడో భాగం ప్రకారం, విశ్వాసులు ఒక పని కోసం ఇచ్చిన కానుకను ఆ పనికే వాడాలి. మీరిచ్చేది గ్రంథాలయానికి తప్ప మరే ఖర్చుకూ పోదు. ప్రతి విరాళానికి రశీదు ఇస్తాం, లెక్కలు విచారణ ఆర్థిక సంఘం ముందు పెట్టి, ఆదివారం పూజ తరువాత చదివి వినిపిస్తాం. దాతల పేర్లు గోడ మీద చెక్కించం, ఈ విషయంలో కమిటీలో అందరిదీ ఒకే మాట. చనిపోయిన మీవారి జ్ఞాపకార్థం ఇస్తే వారి పేరు ప్రార్థనల పుస్తకంలో రాసి, నవంబరు మాసంలో వారి కోసం ప్రార్థిస్తాం.

కానుక ఎంత అన్నది మీకూ దేవునికీ మధ్య మాట. ఇబ్బందుల్లో ఉన్నవారు అప్పు చేసి ఇవ్వవద్దు, అది మాకు సమ్మతం కాదు. ఇళ్ళలో తెలుగు పునీతుల పుస్తకాలు ఉంటే ఇవ్వండి, చిరిగినా పర్వాలేదు, బైండు చేయిస్తాం. వడ్రంగి పని తెలిసినవారు ఒక పూట పని ఇవ్వండి. చూపు ఆననివారి కోసం, చదువు రానివారి కోసం ఈ జీవితాలను చదివి రికార్డు చేయాలనుకుంటున్నాం. మంచి గొంతు ఉన్న యువతీయువకులు, ఉపదేశులు, మఠకన్యలు ముందుకు రావాలి.

నవంబరు 1న, సకల పునీతుల పండుగ పూజ తరువాత, గదిని ఆశీర్వదించాలని విచారణ గురువులను కోరాం. విరాళాలు కమిటీ కోశాధికారికి నేరుగా ఇవ్వవచ్చు, లేదా కవరు మీద ‘గ్రంథాలయం’ అని రాసి కానుకల పెట్టెలో వేయవచ్చు. నడవలేని పెద్దలు కబురు పంపితే మేమే ఇంటికి వచ్చి తీసుకొని, రశీదు అక్కడే రాసి ఇస్తాం.

ఇట్లు,
గ్రంథాలయ కమిటీ