టెస్లా కాయిల్ వెలిగింది, సాయం చేసిన అందరికీ థ్యాంక్స్

మొత్తానికి కాయిల్ పని చేసింది. జానెడు స్పార్క్ వస్తోంది, ఊదారంగులో, కొసకి వెళ్ళేకొద్దీ పాయలు పాయలుగా చీలుతూ. అడుగు దూరంలో పట్టుకుంటే ట్యూబ్‌లైట్ ఏ వైరూ తగిలించకుండానే వెలుగుతోంది. వీడియో చూసినవాళ్ళంతా నన్నే మెచ్చుకుంటున్నారు. నిజానికి ఇందులో సగం పని నాది కాదు, అందుకే ఈ పోస్టు. పేర్లు వేయొద్దని వాళ్ళే గట్టిగా చెప్పారు కాబట్టి వేయడం లేదు, చదివితే ఎవరి ముక్క వాళ్ళకి తెలిసిపోతుంది.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. టెస్లా కాయిల్ అంటే గాల్లోకి స్పార్కులు దూకేంత వోల్టేజీ పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్. కరెంటిచ్చే తీగచుట్ట ప్రైమరీ, ఆ వోల్టేజీ పుట్టే పొడవాటి తీగచుట్ట సెకండరీ. 1891లో టెస్లా చేసిన కాయిల్‌లో స్పార్క్ గ్యాప్ (స్పార్క్ దూకే ఖాళీ, అదే స్విచ్‌లా పనిచేస్తుంది) ఉండేది. నేను చేసింది సాలిడ్ స్టేట్ రకం, అంటే గ్యాప్ బదులు రెండు మాస్‌ఫెట్లు (వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు, ఈ జతనే కింద బ్రిడ్జి అంటాను) ప్రైమరీలోకి కరెంటుని అటూ ఇటూ తిప్పుతుంటాయి. పక్కన చిన్న వైరు ముక్క యాంటెనాలా నిలబడి సెకండరీ ఏ ఫ్రీక్వెన్సీలో ఊగుతోందో పట్టి డ్రైవర్ సర్క్యూట్‌కి చెబుతుంది, అది అదే తాళానికి మాస్‌ఫెట్లని ఆడిస్తుంది. నా కాయిల్ ఊగేది దాదాపు 300 కిలోహెర్ట్జ్ దగ్గర.

మొదటి దండం విజయవాడ ఆటోనగర్ వైండింగ్ షాపు బాబాయి గారికి. సెకండరీకి 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు మీద 36 గేజ్ తీగ వెయ్యి చుట్లు కావాలి, చుట్టు పక్కన చుట్టు, ఎక్కడా ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. సీలింగ్ ఫ్యాన్లకి వాడే తీగే కాబట్టి ఆయన దగ్గర ఉంది, డెబ్బై గ్రాములు కూడా పట్టదు. పైపు రెండు చివరలా చెక్క బిళ్ళలు బిగించి, చేత్తో తిప్పే తన మిషన్‌కి ఎక్కించి, తిప్పే పని నాకిచ్చి తీగని ఆయన పట్టుకున్నారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుడ్డపీలిక, అందులోంచి తీగ, గోరు మాత్రం ముందు చుట్టుకి ఆనించి ఉంచారు. "ఆపమాక, చెయ్యాగితే తీగ జారుద్ది" అంటూనే మధ్యలో వచ్చిన ఇద్దరు కస్టమర్లతో బేరం కూడా ఆడేశారు. పైపు ముందే ఎండబెట్టించి, చుట్టడం అయ్యాక వార్నిష్ పూసి, ఆరేదాకా కూర్చోబెట్టి టీ తాగించారు. డబ్బులిస్తే తీగ ఖరీదే తీసుకున్నారు.

తర్వాత ఇన్వర్టర్లు రిపేర్ చేసే అన్న. డ్రైవర్ సిగ్నల్‌ని మాస్‌ఫెట్ల గేట్లకి (ఆన్, ఆఫ్ చేసే కాళ్ళకి) అందించే గేట్ డ్రైవ్ ట్రాన్స్‌ఫార్మర్‌కి కంప్యూటర్ సప్లైలో దొరికే పసుపు తెలుపు టొరాయిడ్ (తీగ చుట్టే రింగు) చాలదా అని అడిగితే, అది ఐరన్ పౌడరు, ఇక్కడ పనికిరాదు, ఫెర్రైటే కావాలని చెప్పి, పాత బోర్డులోంచి ఒకటి పీకి ఇచ్చాడు. నెట్‌వర్క్ కేబుల్‌లోని వైర్లు మూడు కలిపి మెలేసి చుట్టమన్న సలహా కూడా ఆయనదే. మా ఫ్రెండ్ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ అంతా తిరిగి డ్రైవర్ ఐసీలు, ఫాస్ట్ డయోడ్లు పట్టుకొచ్చాడు, వాడికి బిరియానీ బాకీ ఉంది. మాస్‌ఫెట్లు మాత్రం వేరే చోట నుంచి తెప్పించినవి, పెట్టినవి పెట్టినట్టు పేలుతుంటే అన్నకే అనుమానమొచ్చి గేట్ కెపాసిటెన్స్ కొలిచి చూశాడు. నేను తెప్పించిన ఐఆర్‌ఎఫ్‌పీ460 రకం మాస్‌ఫెట్‌కి 4200 పికోఫారడ్ల చుట్టూ ఉండాలి, ఇవి అందులో సగం కూడా చూపించలేదు. వేరే ఏదో చిన్న మాస్‌ఫెట్ మీద పేరు చెరిపి ఈ పేరు కొట్టి అమ్మారన్నమాట. ఎవడు మొదలెట్టాడో గానీ ఈ దందా!

అసలైనవి వచ్చాక కూడా నాకు టెన్షన్ తగ్గలేదు. అప్పుడు పాలిటెక్నిక్ ల్యాబ్ మేడమ్ గారు, సాయంత్రం క్లాసులయ్యాక ఉండి మరీ, ఆసిలోస్కోప్ (వోల్టేజీ ఎలా మారుతోందో తెర మీద గీసి చూపే పరికరం) చూపించారు. ఈ పోస్టులో నాకు అన్నిటికంటే ముఖ్యమైన ముక్క ఇదే. "బ్రిడ్జికి కరెంటివ్వకు, ముందు గేట్ల దగ్గర ఏముందో చూద్దాం" అన్నారు. స్కోప్ గ్రౌండ్ క్లిప్ ఎర్త్‌తో కలిసే ఉంటుంది కాబట్టి, నేరుగా మెయిన్స్ (ఇంటి కరెంటు) మీద నడిచే బ్రిడ్జికి దాన్ని తగిలిస్తే షార్టే, డిమ్మర్‌స్టాట్ (వోల్టేజీని తిప్పి తగ్గించే, పెంచే పెట్టె) పెట్టినంత మాత్రాన మెయిన్స్ నుంచి విడిపోయినట్టు కాదు. ఈ మాట రెండుసార్లు చెప్పి, నా చేత తిరిగి చెప్పించుకుని గానీ ప్రోబ్ చేతికివ్వలేదు. స్క్రీన్ మీద చదరపు తరంగం రావాల్సిన చోట ప్రతి అంచు దగ్గరా కొమ్ములు, అవి 25 వోల్టుల దాకా లేస్తున్నాయి. గేట్ తట్టుకునేది 20. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి గేట్ దాకా వైర్లు పొట్టిగా కోసి మెలేయించి, ఒక్కో గేట్‌కి చిన్న రెసిస్టర్, వోల్టేజీ హద్దు దాటకుండా ఆపే జీనర్ డయోడ్లు పెట్టించారు. కొమ్ములు అణిగిపోయాయి. ఆ తర్వాత ఇంతవరకూ ఒక్క మాస్‌ఫెట్ పోలేదు.

మొదటిసారి బ్రిడ్జికి కరెంటిచ్చినప్పుడు సిరీస్‌లో 200 వాట్ల బల్బు పెట్టి, డిమ్మర్‌స్టాట్ మీద 40 వోల్టులు ఇచ్చాం. చడీ చప్పుడూ లేదు. అన్న ఫోన్‌లోనే "ప్రైమరీ వైర్లు రెండూ అటుదిటు మార్చు" అన్నాడు. మార్చగానే టాప్‌లోడ్ (సెకండరీ పైన పెట్టే లోహపు ముక్క) కొసన ఇంత నలుసు వెలిగింది! వోల్టేజీ పెంచేకొద్దీ పెరిగింది. ఫుల్ మెయిన్స్‌లో బస్ (బ్రిడ్జికి అందే డీసీ) 325 వోల్టులు, కాబట్టి ఆపాక కూడా కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని మీటర్‌లో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలన్న మేడమ్ గారి రూలు ఇప్పటికీ పాటిస్తున్నాను.

ఇంటి ఓనరు గారు పెరట్లో ఎర్త్ రాడ్ దింపుకోనిచ్చారు (సెకండరీ అడుగు ఇంటి వైరింగ్ ఎర్త్‌కి కలపకూడదు, దానికి వేరేగా కావాలి). ఆ గుయ్యిమనే రొదని ఓర్చుకున్న కింది పోర్షన్ అత్తయ్య గారికి ప్రత్యేకంగా థ్యాంక్స్, రాత్రి ఎనిమిది దాటితే ఆన్ చేయనని మాటిచ్చాను.

ఫెర్రైట్ టొరాయిడ్లు రెండు, ఇంటరప్టర్ (కాయిల్‌ని ఆపి ఆపి నడిపే సర్క్యూట్) కోసం తెచ్చిన 555 టైమర్ ఐసీలు కొన్ని మిగిలాయి. విజయవాడలో ఎవరైనా మొదలుపెడుతుంటే మెసేజ్ పెట్టండి, ఊరికే ఇస్తాను. సర్క్యూట్ శుభ్రంగా గీసి ఈ వారంలో ఇక్కడే పెడతాను.