మూలికల సాగు సంఘం వార్షిక నివేదిక – 2025: చామోమైల్‌తో ఒక ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఇంటర్నేషనల్ హెర్బ్ అసోసియేషన్ ఏటా ఒక మొక్కను ఎంచి ఆ సంవత్సరపు మూలికగా ప్రకటిస్తుంది. 2025కి చామోమైల్‌ను ఎంచింది. మనమూ ఈ ఏడు ఆ ఒక్క మొక్క మీదే పని చేయాలని తీర్మానించుకున్నాం. ఏం చేశామో, ఎక్కడ పొరపాటు పడ్డామో కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాను.

ముందుగా పేరు సంగతి. దీంతో కాచేదాన్ని చాలామంది 'చామంతి టీ' అనేస్తారు. కుటుంబం ఒకటే అయినా చామంతి వేరు, చామోమైల్ వేరు. చామోమైల్‌లో మళ్లీ రెండు రకాలు. జర్మన్ రకం నిటారుగా పెరిగి ఒక్క సీజన్‌లో పూసి ఎండిపోతుంది. రోమన్ రకం నేలను అంటుకుని పాకుతూ ఏళ్ల తరబడి ఉంటుంది. మొదటి శిక్షణ రోజున ఒక సభ్యురాలు తన కుండీల్లోంచి రెండు రకాల పూలూ తెచ్చి, బ్లేడుతో నిలువునా కోసి చూపించారు. జర్మన్ పువ్వు మధ్యలోని పసుపు బొడిపె లోపల డొల్లగా ఉంది, రోమన్ పువ్వుది గట్టిగా నిండి ఉంది. అంతకంటే సులువైన గుర్తు లేదు.

మనం నాటింది జర్మన్ రకం. మొదటి విడత ట్రేలలో దాదాపు ఏమీ మొలవలేదు. విత్తనం పాతదని అనుకున్నాం కానీ తప్పు మనదే. ఈ విత్తనం దుమ్ములా సన్నగా ఉంటుంది, మొలకెత్తడానికి దానికి వెలుతురు కావాలి. మనం అలవాటు కొద్దీ మట్టి కప్పేశాం. రెండోసారి పొడి ఇసుకలో కలిపి పైపైన చల్లి, అరచేత్తో అదిమి, నీళ్లు పోయకుండా తుంపర మాత్రమే కొట్టాం. రెండు వారాలు తిరక్కుండానే ట్రేలు పచ్చబడ్డాయి.

అసలు ఇబ్బంది కోత దగ్గర వచ్చింది. తెల్ల రేకులు బల్లపరుపుగా విచ్చుకున్నప్పుడే పువ్వు తెంపాలి. రేకులు కిందికి వాలాయంటే అదను దాటినట్టే. పూలేమో రోజూ విచ్చుకుంటాయి, మనం ఆదివారాలే కోతకు వెళ్లాం. మొదటి రెండు వారాల్లో చాలా పూలు అలా ముదిరిపోయాయి. ఇది కార్యవర్గం ముందే చూసుకోవాల్సిన పని. తర్వాత ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని రెండు రోజులకోసారి తెంపాం. వంతు తప్పకుండా ఉదయాన్నే వచ్చిన ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు.

ఆరబెట్టడం నీడలోనే, పల్చటి పొరగా, గాలి ఆడేలా జరిగింది. ఒక గుడ్డ మీద మందంగా పోసినవి బూజు పట్టడంతో పారేశాం. ఆరాక బరువు దాదాపు ఐదో వంతుకు తగ్గడం చూసి కొత్త సభ్యులు కంగారు పడ్డారు. పువ్వులో అంత నీరు ఉంటుంది మరి.

ఏడాది మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయేది నూనె తీసిన రోజు. తెల్ల రేకులు, పసుపు బొడిపె ఉన్న పూలకు ఆవిరి పట్టిస్తే నీటి మీద నీలం రంగు చుక్కలు తేలాయి. ఆ నీలం పువ్వులో ఉండదు. మెట్రిసిన్ అనే పదార్థం వేడికి చమజులీన్‌గా మారినప్పుడు పుడుతుంది. వచ్చింది కొన్ని చుక్కలే అయినా చూడటానికి అందరూ గుమిగూడారు.

ఎండు పూల పొట్లాలు సభ్యులందరికీ పంచాం. చామంతి కుటుంబపు మొక్కలతో అలర్జీ ఉన్నవారు, వార్ఫరిన్ వంటి రక్తం పలచబరిచే మందులు వాడేవారు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా తాగవద్దని ప్రతి పొట్లం మీద చీటీ అంటించాం. వచ్చే ఏడూ ఇది తప్పనిసరి. కాచేటప్పుడు మూత పెట్టండి, లేకపోతే సువాసన ఆవిరితో పోతుంది.

జమాఖర్చులు విడిగా జతచేశాం.

ముదిరిన పూల నుంచి రాలిన గింజలు మడిలో అప్పుడే వాటంతట అవే మొలుస్తున్నాయి, కాబట్టి ఆ మడిని ఎవరూ తవ్వవద్దు. విత్తన ట్రేలు ఇళ్లకు తీసుకెళ్లినవారు కడిగి, వచ్చే సమావేశానికి తీసుకురాగలరు.

– కార్యదర్శి