గంటస్తంభం దగ్గర ఆదుకున్న సోదరికి కృతజ్ఞతలు

గత నెల విజయనగరం గంటస్తంభం దగ్గర కూరగాయలు కొంటుండగా మా నాన్నగారి మూతి ఒక పక్కకు వంకరపోయి, కుడిచేతిలోని సంచి జారిపడితే, ఎండదెబ్బేమో అనుకుని నేను నీళ్లు తాగించబోయాను. అప్పుడు నా చేయి పట్టుకుని ఆపి, "మింగలేకపోతే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయండీ, ఇది పక్షవాతంలా ఉంది" అని చెప్పి, ఆయనను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కు ఫోన్ చేసి, లక్షణాలు మొదలైన సమయాన్ని నా అరచేతిలో పెన్నుతో రాసిన ఆ సోదరికి మా కుటుంబం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

ఆసుపత్రిలో వైద్యులు మొదట అడిగింది ఆ సమయమే. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా 4.5 గంటల లోపే, అదీ మెదడులో రక్తస్రావం లేదని సీటీ స్కాన్‌లో తేలాకే ఇస్తారని మాకప్పుడే తెలిసింది. (నాటువైద్యానికి తీసుకెళ్లమన్న సలహాలూ ఆ గుంపులో వినిపించాయి, వినివుంటే ఏమయ్యేదో తలచుకోవడానికి కూడా మనసు రాదు.)

ఇప్పుడు ఫిజియోథెరపీ సాగుతోంది. మాట ఇంకా ముద్దగానే ఉంది, చొక్కా గుండీలు పెట్టుకోలేక విసుక్కుంటున్నారు, అయినా నిన్న కుడిచేత్తోనే చెంచా పట్టుకుని నాలుగు ముద్దలు తిన్నారు.

ఆ కంగారులో మీ పేరైనా అడగలేదు. ఈ మాటలు మీ కంట పడితే ఒక్కసారి మా ఇంటికి రండి. మిమ్మల్ని చూడాలని అమ్మ రోజూ అడుగుతోంది.