అడవి పనికి పిల్లల్ని పిలిస్తే కూలి కూడా ఇవ్వండి

సంపాదకులకు,

పోయిన వారం మీ జిల్లా పేజీలో 'అడవి సేవలో యువత' అంటూ, అటవీ శాఖ వాళ్లు కాలేజీ పిల్లలతో మొక్కలు నాటించారని వచ్చిన వార్త చదివిన రోజే రాద్దామనుకున్నాను, కోపంలో రాస్తే మీరు వేయరని ఆగాను. వారం గడిచినా కోపం తగ్గలేదు కాబట్టి ఇక రాసేస్తున్నాను. ఆ ఫొటో అందరూ చూసే ఉంటారు. పచ్చ టోపీలు పెట్టుకున్న డిగ్రీ పిల్లలు వెనక వరుసలో, కూలింగ్ గ్లాసుల పెద్దమనుషులు ముందు వరుసలో, మధ్యలో ఒకే ఒక్క మొక్క, దాని మీద ఏడెనిమిది చేతులు. అది కూడా మే నెలలో, నల్లమల అంచున, రాళ్లు పేలే ఎండలో! మృగశిర కార్తె రాకముందు మొక్క పెట్టకూడదని మా వైపు మేకలు కాసే పిల్లాడికి కూడా తెలుసు. ఇంత చదువుకున్న అధికారులకు తెలియదంటే నేను నమ్మను. తెలిసే చేశారు, ఎందుకంటే వాళ్లకు కావాల్సింది మొక్క కాదు.

మా వీధిలో ఒక అబ్బాయి ఆ కార్యక్రమానికి వెళ్లి వచ్చాడు. పొద్దున ఏడింటికే రమ్మన్నారట, పది దాటాక పెద్దసార్లు వచ్చారట, ఉపన్యాసాలు పన్నెండు దాకా, తర్వాత ఒక టీషర్టు, ఒక బిస్కెట్ ప్యాకెట్, ఒక ప్రశంసాపత్రం. సర్టిఫికెట్‌లో పేరు తప్పు. బస్సు ఛార్జీ పిల్లాడిదే. దీన్ని మీ విలేకరి 'విశేష స్పందన' అని రాశారు. ఆయన తప్పు కూడా ఏమీ లేదులెండి, ఆఫీసు నుంచి వచ్చిన ప్రెస్‌నోట్ అలాగే దించేసినట్టున్నారు. ఒకప్పుడు మీ పేపర్లో రిపోర్టర్ వెళ్లి చూసి వచ్చి రాసేవాడు. సరే, అది వేరే గోల.

అసలు వేసవిలో అడవికి పని లేదా అంటే బోలెడంత ఉంది. నేను ఈ అడవి అంచునే పుట్టి పెరిగాను, పిల్లలకు సైన్సు చెప్పి రిటైరయ్యాను, నాకు కనిపించేది చెబుతాను. నల్లమల ఆకు రాల్చే అడవి. ఫిబ్రవరి వచ్చేసరికి నేలంతా ఎండుటాకు, మోకాలెత్తు ఎండుగడ్డి. మన అడవుల్లో అగ్గి తనంతట తాను పుట్టడం చాలా అరుదు, దాదాపు ప్రతిసారీ మనిషే కారణం. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాల్చేవాళ్లు, దారిన పోతూ బీడీ ముక్క పారేసేవాళ్లు, రోడ్డు పక్కన కారాపి వంట చేసుకుని పొయ్యి ఆర్పకుండా పోయేవాళ్లు. పెద్ద చెట్లు ఎలాగో తట్టుకుంటాయి కానీ నేల మీది చిన్న మొలకలు, పక్షి గుడ్లు, తాబేళ్లు బూడిదైపోతాయి. ఏటా ఇలా కాలితే రేపు పెద్ద చెట్టు కావాల్సిన మొలక ఎక్కడ మిగులుతుంది? దీన్ని ఆపడానికి దారుల పక్కన, బీట్ల (ఒక్కో ఫారెస్టు గార్డు చూసుకునే అడవి ముక్కల) సరిహద్దుల్లో ఆకు ఊడ్చి, గడ్డి కోసి ఫైర్ లైన్లు వేస్తారు. ఉపగ్రహం నుంచి ఫోన్లకు మెసేజ్ వస్తుంది, ఫలానా చోట మంట అని. మంచిదే, కానీ మెసేజ్ మంటను ఆర్పదు కదా, పచ్చి కొమ్మలు పట్టుకుని అక్కడికి నడిచి వెళ్లే మనుషులు కావాలి. ఆ మనుషులే లేరు.

ఉన్న కొద్దిమంది ఫైర్ వాచర్లు రోజుకూలీలు. వాళ్లలో చాలామంది చెంచు యువకులు. మాకు దగ్గర్లో ఒక చోట (పేరు రాయను, రాస్తే ఆ పిల్లల పనే పోతుంది) కూలి నెలల తరబడి రాలేదని నా దగ్గరికి వచ్చి అర్జీ రాయించుకున్నారు. బడ్జెట్ రిలీజ్ కాలేదన్నది జవాబు. టోపీలకు, టీషర్టులకు, ఫ్లెక్సీలకు మాత్రం బడ్జెట్ రిలీజవుతుంది. ఫ్లెక్సీ కూడా ప్లాస్టిక్కే అన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

1933లో అమెరికాలో తిండికి లేని రోజుల్లో రూజ్‌వెల్ట్ ఏం చేశాడో చూడండి. సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అని పెట్టి పనిలేని కుర్రాళ్లను అడవుల్లోకి, పార్కుల్లోకి పంపాడు. నెలకు 30 డాలర్లు, అందులో 25 ఇంటికే వెళ్లేవి. 1942 దాకా దాదాపు 30 లక్షల మంది పనిచేశారు, 300 కోట్లకు పైగా మొక్కలు నాటారు, దారులు వేశారు, మంటలు ఆర్పారు. 1970లో బడి వయసు పిల్లలకు వేసవి పని ఇచ్చే యూత్ కన్జర్వేషన్ కోర్ పెట్టారు, దానిలోనూ జీతం ఉంది. మా అన్నయ్య మనవడు అక్కడే ఒక నేషనల్ పార్కులో వేసవంతా కాలిబాటలు బాగు చేసి వచ్చాడు. ఇక్కడికొస్తే మంచినీళ్లు ముంచుకోని పిల్లాడు గడ్డపార పట్టాడంటే నేనైతే నమ్మలేదు, ఫోన్లో చేతుల కాయలు చూపించాడు. అక్కడంతా బంగారమని కాదు, 2025లో వాళ్ల ప్రభుత్వం కూడా ఇలాంటి సేవా పథకాల నిధులకు కత్తెర వేసింది. కానీ ఒకటి చూడండి, డబ్బు పుట్టని కాలంలో కూడా పిల్లాడికి పని చెబితే కూలి ఇవ్వాలని వాళ్లకు తోచింది.

మనకు మాత్రం ఏం తక్కువ? ఎన్‌ఎస్‌ఎస్ అనే కాలేజీ పిల్లల సేవా పథకం 1969 నుంచి ఉంది. ఏడాదికి 120 గంటల సేవ, ఏడు రోజుల క్యాంపు అని నిబంధనే ఉంది. ఆ గంటలు ఎక్కడ పోతున్నాయో కాలేజీల వాళ్లనే అడగాలి. నేను చూసినంతవరకు క్యాంపు అంటే ఒక ఊరి బడి ముందు చీపుర్లు పట్టుకుని ఫొటో, సాయంత్రం డాన్సులు. అడవికి డబ్బు లేదంటారా? అడవి భూములు ప్రాజెక్టులకు ఇచ్చినప్పుడు వసూలు చేసిన కంపా నిధుల్లోంచి 2019లో కేంద్రం మన తెలంగాణకు ఒక్కసారే 3 వేల కోట్ల రూపాయలకు పైగా ఇచ్చింది. రాష్ట్ర ప్రభుత్వ మొక్కల పథకం హరితహారం 2015లో మొదలైనప్పుడు 230 కోట్ల మొక్కలు లక్ష్యం అన్నారు. లెక్కలు ఘనంగానే ఉంటాయి. ఆ మొక్కల్లో బతికినవి ఎన్నో చూపించండంటే మాత్రం ఏ ఆఫీసులోనూ ఫైలు దొరకదు.

మన యువతకు అడవి పట్టదు, సెల్‌ఫోనే లోకం అని సభల్లో దెప్పుతుంటారు పెద్దమనుషులు. 2019లో నల్లమలలో యురేనియం తవ్వుతారంటే రోడ్డెక్కింది ఎవరు? ఈ పిల్లలే. అసెంబ్లీ తీర్మానం చేసేదాకా వదల్లేదు. 2025లో హైదరాబాద్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్లున్న 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వస్తే అడ్డం పడింది ఎవరు? విద్యార్థులే, వాళ్లను పోలీసు వ్యాన్లలో ఎక్కించారు, చివరికి సుప్రీంకోర్టు వచ్చి ఆపమనాల్సి వచ్చింది. అంటే ప్రభుత్వ భూమిని కాపాడతామని పిల్లలు తమంతట తాము వస్తే వ్యాను, మనం పిలిస్తే వచ్చినందుకు బిస్కెట్ ప్యాకెట్. బాగుంది లెక్క.

విమర్శించడం తేలికే, ఏం చేయాలో చెప్పమంటారేమో. చెబుతాను. పరీక్షలైపోయి ఇంటి దగ్గర ఉండే డిగ్రీ, ఐటీఐ పిల్లలను, అంతకంటే ముందు పెంటల్లోని (అడవిలోని చెంచు గూడేలను మా వైపు పెంటలంటారు) చెంచు యువతను ఎండాకాలమంతా రోజుకూలి మీద తీసుకోండి. పొద్దున అయిదున్నరకు మొదలుపెట్టి పదింటికి ఆపేయండి, ఆ తర్వాత ఎండలో ఎవరినీ ఉంచకండి. నీళ్లు, ఓఆర్‌ఎస్, గట్టి బూట్లు, చేతి తొడుగులు ఇవ్వండి. ఇది పులుల అడవి, ఎవరినీ ఒంటరిగా పంపకండి. శిక్షణ లేని పిల్లలను మంటల మీదికి తోలకండి, ఆ పని తెలిసిన వాచర్ల వెంట నేర్చుకోనివ్వండి. పాత వాచర్ల బాకీ ముందు తీర్చాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను, అయినా చెబుతున్నాను.

మే నెలకు తగ్గ పనులు బోలెడు ఉన్నాయి. జంతువుల కోసం కట్టిన సాసర్ పిట్లు సగం పగిలి ఉన్నాయి, వాటికి మరమ్మతు చేసి నీళ్లు నింపాలి. పూడిపోయిన చెలమలు తవ్వాలి. వాన పడ్డాక నాటే మొక్కలకు గుంతలు ఇప్పుడే తీయాలి, వాలుల్లో నీరు నిలిచే కందకాలు ఇప్పుడే తవ్వాలి, వానలొచ్చాక తవ్వితే ఏం లాభం? లాంటానా కంప గడ్డిని మింగేస్తోంది, దాన్ని వేళ్లతో సహా పీకాలి, కాయలు రాలకముందే. ఇక శ్రీశైలం రోడ్డు పక్కన సీసాలు, కవర్లు, పేపర్ ప్లేట్లు సంగతి ఎంత చెప్పినా తరగదు. చైత్ర పౌర్ణమికి నల్లమల లోయలోని సలేశ్వరం గుడికి వెళ్లి వచ్చే వేలమంది లింగమయ్యకు దండం పెట్టి నీళ్ల బాటిల్ అక్కడే వదిలి వస్తారు. ఆ లోయలోంచి వాటిని ఎవరు మోసుకు రావాలి? భక్తులకు కోపం వస్తే రానివ్వండి, నేనూ భక్తుణ్ణే.

చెంచు పిల్లలను ముందు పెట్టమన్నది దయతో కాదని కూడా చెప్పాలి. గాలి ఎటు తిరిగితే మంట ఎటు పోతుందో, ఏ వాగులో మే నెలలో కూడా తడి ఉంటుందో వాళ్లకు తెలిసినంత రేంజ్ ఆఫీసులో ఎవరికీ తెలియదు. మొన్నటి కార్యక్రమంలో వాళ్లెవరైనా ఉన్నారా అని మా వీధి అబ్బాయిని అడిగితే, ఉన్నారు సార్, కుర్చీలు వేశారు అన్నాడు.

ఈ ఉత్తరం పైవాళ్లెవరైనా చదివితే ఒక మాట. వచ్చే ఏడాది నిజంగా పిల్లల్ని తీసుకోదలిస్తే నోటిఫికేషన్ డిసెంబరులో ఇవ్వండి, కూలి ఎంతో అందులోనే రాయండి, ప్రతి వారం బ్యాంకులో వేయండి. ఫైర్ లైన్ల పని జనవరిలోనే మొదలు కావాలి, అప్పుడు వాచర్ల వెంట పెంటల కుర్రాళ్లు ఉంటారు, పరీక్షలయ్యాక కాలేజీ పిల్లలు చేరతారు. ఏప్రిల్‌లో ఫైలు కదిపి మేలో పిలిస్తే అప్పటికి కాలాల్సిందంతా కాలిపోయి ఉంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు,
నాగర్‌కర్నూల్ జిల్లా