లావు అక్షరాల గురించి అమ్మలుకి

విజయనగరం

చి. అమ్మలుకి నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు డిజైన్లూ చూశాను. పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతరకి చేసిన స్వాగత బ్యానర్ బాగా కుదిరింది. బాబాయి ఇంటి శుభలేఖ మాత్రం మళ్లీ చెయ్యాలి. రెండిటికీ వాడింది ఆ లావు అక్షరాల రవిప్రకాశ్ ఫాంటే. తేడా అల్లా ఎక్కడ వాడావన్నదే.

బ్యానర్ మీద ఉన్నవి నాలుగు మాటలు. సిరిమాను నాడు కోట దగ్గర ఆ తోపులాటలో ఆగి చదివేవాడు ఉండడు, తలెత్తి చూసి పోతాడు. అక్కడ లావుగా, సొగసుగా ఉన్న అక్షరమే పని చేస్తుంది. ఒక్క సవరణ: లైన్ల మధ్య ఇంకాస్త జాగా వదులు. 'సిరిమానోత్సవం'లో త్స వత్తు దిగొచ్చి కింది లైను గుడి మీద కూర్చుంది. మనకి పైన గుడులు, కింద వత్తులు కదా, ఇంగ్లీషుకి సరిపోయే లీడింగ్, అదే లైన్ల మధ్య ఖాళీ, చాలదు. ఎరుపు అక్షరం చుట్టూ తెల్ల అంచు గీత (స్ట్రోకు) ఇచ్చావు, బానే ఉంది గానీ అది అక్షరం వెనక్కి పెట్టు. లేకపోతే గీతల్ని తినేస్తుంది.

ఇక శుభలేఖ. వధూవరుల పేర్లకి ఆ ఫాంటు పెట్టడం సరైన పనే. ముహూర్తం, కల్యాణమండపం అడ్రసు, బంధువుల పేర్లు కూడా అదే ఫాంటులో 10 పాయింట్లకి ఎందుకు దించావే? ప్రింటు తీసి చూశాను. లోపలి ఖాళీలు పూడుకుపోయాయి. ధ కింద ఉండే చిన్న గీత ఇంకులో కలిసిపోయి, పెళ్లికూతురు సుధ కాస్తా 'సుద' అయింది. బాబాయి చూస్తే ఊరుకుంటాడా? ఉన్న నగలన్నీ ఒకేసారి దిగేసుకున్నట్టుంది కార్డు. కింది మేటరంతా మండలిలో పెట్టు, అది చదవడానికి చేసిన ఫాంటు.

ఈ ఫాంట్లన్నీ అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చినవే, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. ఓపెన్ లైసెన్స్ కాబట్టి షాపు పనికి వాడినా అడిగేవాడు లేడు. గిడుగు, గురజాడ పేర్లతోనూ ఫాంట్లు ఉన్నాయి. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టినాయన, మన ఊళ్లో బతికినాయన ఒకే మెనూలో కనబడితే నాకు భలే సరదా! గిడుగు ఫాంటు పేపరు హెడ్డింగుల కోసం చేసింది. బ్యానర్‌లో తేదీ లైనుకి అది పెట్టి చూడు, అమ్మవారి పేరుతో పోటీ పడదనుకుంటా.

బ్యానర్ ఫైలు కర్వ్స్ చేసి, అంటే అక్షరాల్ని బొమ్మ గీతలుగా మార్చి పంపు. ఫ్లెక్స్ వాళ్ల సిస్టంలో ఫాంటు లేకపోతే మళ్లీ నాకే టెన్షన్. శుభలేఖ ప్రూఫు ఆదివారంలోగా వస్తే చాలు, అందాకా బాబాయికి నేను ఏదో ఒకటి చెప్తాలే. దసరాకి టికెట్ తీశావా లేదా అని అమ్మ అడుగుతోంది.

నాన్న